తలుపు మీద బ్రెయిలీ ఉంది, ఆ తలుపు దాకా దారేది?

ఈ వేసవిలో మా మావయ్య తెనాలి నుంచి వచ్చి టెక్సాస్‌లో మా దగ్గర నాలుగు నెలలు ఉన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 30 ఏళ్లు సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారాయన. గ్లకోమా వల్ల 60 దాటాక చూపు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు వెలుగు ఎటువైపు ఉందో మాత్రమే తెలుస్తుంది. కాళ్లు, జ్ఞాపకశక్తి, నోరు మూడూ నిక్షేపంగా ఉన్నాయి.

ఒక శనివారం మేం వెళ్లే గుడికి తీసుకెళ్లాను. దర్శనం అయ్యాక నేను పిల్లల చెప్పులు వెతికే పనిలో ఉంటే, ఆయన రెస్ట్‌రూమ్‌కి వెళ్లొస్తానన్నారు. "కారిడార్‌లో నేరుగా వెళ్లి కుడివైపు" అని చెప్పాను. నేను చెప్పింది తప్పేమీ కాదు. కాకపోతే ఆ కారిడార్‌లో కుడివైపు ఐదు తలుపులున్నాయి. పది నిమిషాలైనా రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. స్టోర్‌రూమ్ ముందు నిలబడి ఉన్నారు. పక్కనే ఒక వాలంటీరు కుర్రాడు వీల్‌చెయిర్ పట్టుకుని, "కూర్చోండి అంకుల్, నేను తీసుకెళ్తా" అని బతిమాలుతున్నాడు.

"నాకు కాళ్లున్నాయి బాబూ. తెలియనిది దారే" అన్నారు మావయ్య.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. మంచి మనసుతోనే వచ్చాడు. కానీ 70 ఏళ్ల మనిషి, జీవితమంతా పిల్లలకు మ్యాపులు చదవడం నేర్పిన మనిషి, బాత్‌రూమ్‌కి వెళ్లడానికి కూడా ఇంకొకరి చేతిలో పడాల్సి రావడం ఆయనకు ఎంత చిన్నతనంగా అనిపించిందో దారంతా కారులో ఆయన మౌనం చెప్పింది.

చట్టం ఎక్కడ ఆగిపోయింది?

తర్వాతి వారం గుడికి వెళ్లినప్పుడు ఆ కారిడార్‌ని కొత్తగా చూశాను. రెస్ట్‌రూమ్ తలుపు పక్కన బోర్డు ఉంది. ఉబ్బెత్తు అక్షరాలున్నాయి, కింద బ్రెయిలీ చుక్కలూ ఉన్నాయి. అంతా పద్ధతిగానే ఉంది. అయితే ఆ బోర్డు చదవాలంటే ముందు ఆ తలుపు దగ్గరికి చేరాలి. చేరినవాడికి బోర్డుతో ఉపయోగం ఉంది. చేరలేనివాడి సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఇది ఒక్క మా గుడి లోపం కాదు. అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్, అంటే మనమంతా ఏడీఏ అనే చట్టం, 1990 జులై 26న సంతకమైంది. 2025తో 35 ఏళ్లు నిండాయి. ర్యాంపులు, లిఫ్టులు, వెడల్పాటి తలుపులు, కేటాయించిన పార్కింగ్.. ఈ చట్టం తెచ్చిన మార్పు సామాన్యమైనది కాదు. మన అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ సౌకర్యాలన్నీ మనమూ అనుభవిస్తున్నాం.

ఆ చట్టం కింద 2010లో సవరించిన ప్రమాణాలు 2012 మార్చి 15 నుంచి తప్పనిసరి అయ్యాయి. వాటి ప్రకారం రెస్ట్‌రూమ్, గది నంబరు లాంటి శాశ్వతమైన గదుల పేర్లు తెలిపే బోర్డుల మీద ఉబ్బెత్తు అక్షరాలు, బ్రెయిలీ ఉండాలి. అక్షరం కనీసం అంగుళంలో 32వ వంతు పైకి లేచి ఉండాలి. నేల నుంచి 48 నుంచి 60 అంగుళాల ఎత్తు మధ్యలో ఉండాలి. తలుపు గడియ ఉన్న వైపే బిగించాలి. ఇంత వివరంగా రాశారు.

కానీ "ఎటు వెళ్లాలి" అని బాణం గుర్తుతో చెప్పే బోర్డులకు బ్రెయిలీ అక్కర్లేదు. అవి కంటితో చదవడానికి వీలుగా ఉంటే చాలు. లాబీలో ఏ అంతస్తులో ఏముందో చెప్పే పట్టికకైతే ఈ సైన్‌బోర్డు నిబంధనల నుంచే మినహాయింపు ఉంది. భవనం మొత్తాన్ని వేళ్లతో తాకి తెలుసుకునే పటం, అంటే టాక్టైల్ మ్యాప్, పెట్టాలనే నియమం ఆ ప్రమాణాల్లో లేదు. అంటే చట్టం గమ్యానికి పేరు పెట్టింది గానీ దారి చూపించలేదు.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. మతసంస్థలు నడిపే ప్రార్థనా స్థలాలకు ఏడీఏ వర్తించదు. చర్చికైనా, మసీదుకైనా, మన గుడికైనా అంతే. స్థానిక భవన నిర్మాణ నిబంధనలు ఉంటాయి కాబట్టి కొన్ని ఏర్పాట్లు ఎలాగూ జరుగుతాయి. అంతకు మించి చెయ్యమని మనల్ని అడిగే ఫెడరల్ చట్టం లేదు. చేస్తే మనమే చెయ్యాలి.

అట్టముక్క మీద మా ఇల్లు

మావయ్య ఇంట్లో కూడా మొదట్లో ఇబ్బంది పడ్డారు. వచ్చిన రోజే "వంటగది ఆగ్నేయంలోనే ఉందా?" అని అడిగారు. మనవాళ్లం ఈస్ట్ ఫేసింగ్ అని వెతికి మరీ కొంటాం కదా, ఆ వాస్తు లెక్క ఆయనకు నిజంగానే పనికొచ్చింది. తెనాలి ఇంటి దిక్కుల్ని ఇక్కడ అన్వయించుకుని సగం ఇల్లు ఊహించుకున్నారు. మిగతా సగం కోసం నేనొక మ్యాపు చేద్దామనుకున్నాను.

ఆదివారం కూర్చుని పెద్ద అట్టముక్క మీద జిగురుతో ఊలు దారం అంటించి గోడలు వేశాను. సోఫాలు, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, పూజగది, మెట్లు, షూ ర్యాక్ అన్నీ పెట్టాను. నాకైతే బ్రహ్మాండంగా కనిపించింది. మావయ్య పది నిమిషాలు వేళ్లతో తడిమి, "ఏరా, ఇది మ్యాపా, ముగ్గా?" అన్నారు.

తర్వాత ఆయనే పాఠం చెప్పారు. స్కూల్లో ఆయన ఏటా పిల్లల చేత కాగితం గుజ్జుతో ఇండియా మ్యాపు చేయించేవారు. హిమాలయాలు ఎత్తుగా, దక్కను పీఠభూమి కొంచెం తక్కువగా. "నదుల మ్యాపులో రైలు మార్గాలు కూడా గీసినవాడికి నేను మార్కులు వెయ్యలేదు. ఒక మ్యాపు ఒక ప్రశ్నకే జవాబు చెప్పాలి. నాకు కావాల్సింది ఎటు నడవాలి అన్నది. మీ సోఫా ఎన్ని సీట్లదో కాదు" అన్నారు.

ఆ తర్వాత ఈ విషయం మీద కొంత చదివాను. మావయ్య చెప్పిందే నిపుణులూ చెబుతున్నారు. కన్ను ముందు మొత్తాన్ని చూసి తర్వాత వివరాల్లోకి వెళ్తుంది. వేలికి ఆ వీలు లేదు. ఒక్కో ముక్కనీ తడుముకుంటూ వెళ్లి, మొత్తాన్ని మనసులో కట్టుకోవాలి. అందుకే ఇంజినీరు గీసిన ఫ్లోర్ ప్లాన్‌ని యథాతథంగా ఉబ్బెత్తుగా అచ్చు వేస్తే అది మ్యాపు కాదు, గందరగోళం. రెండు గీతల మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం లేకపోతే వేలికి అవి ఒకే గీతలా తగులుతాయి. బ్రెయిలీని చిన్న సైజులో రాయడం కుదరదు. ఒక అక్షరానికి పక్క అక్షరానికి మధ్య 6 మిల్లీమీటర్లకు పైగా దూరం ఉంటుంది. ఇంగ్లిషులో "రెస్ట్‌రూమ్" అని పూర్తిగా రాస్తే 8 అక్షరాలకు 5 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి మ్యాపు మీద ఒకటి రెండు అక్షరాల గుర్తులు పెట్టి, వాటి అర్థాలు పక్కన పట్టికలో ఇవ్వాలి.

రెండో పాఠం దిక్కు గురించి. నేను అలవాటు ప్రకారం ఉత్తరం పైకి ఉండేలా వేశాను. "ఉత్తరం పైన ఉండేది గోడకు వేలాడే మ్యాపుకి. నేను గుమ్మంలో నిలబడితే నా ఎదురుగా ఉన్నది మ్యాపులోనూ నా ఎదురుగానే ఉండాలి. లేకపోతే కుడి ఎడమలు తిప్పుకుంటూ కూర్చోవాలి" అన్నారు. మాల్‌లో పెద్ద మ్యాపు ముందు నిలబడి, తల పక్కకు వంచి, ఏ వైపు నడవాలో తేల్చుకోలేక మనం పడే అవస్థ గుర్తు తెచ్చుకోండి. చూపున్నవాళ్లకే అంత కష్టమైతే వేళ్లతో చదివేవారి సంగతి చెప్పక్కర్లేదు.

మూడోది "మీరు ఇక్కడ ఉన్నారు" అనే గుర్తు. నేను చొక్కా గుండీ ఒకటి అంటించాను. మావయ్య ఎడమచేతి వేలు ఆ గుండీ మీద ఉంచి, కుడిచేత్తో దారి వెతుక్కునేవారు. ఎక్కడ తప్పినా మళ్లీ గుండీ దగ్గరికి వచ్చేవారు. ఆ గుర్తు మ్యాపులో మిగతా అన్నిటికన్నా ప్రత్యేకంగా, తాకగానే దొరికేలా ఉండాలి.

నాలుగోది నేను ఊహించనిది. మావయ్యకు బ్రెయిలీ రాదు. పెద్ద వయసులో చూపు పోయిన మన పెద్దవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. సరే, తెలుగు అక్షరాలనే జిగురుతో ఉబ్బెత్తుగా రాద్దామని వంటగదికి "వ", పూజగదికి "ప", మెట్లకు "మ" రాశాను. ఆయన మూడింటికీ తేడా పట్టలేకపోయారు. చివరికి వంటగదికి కందిపప్పు, పూజగదికి చిన్న పూస, మెట్లకు అగ్గిపుల్లలు వరసగా అంటించాం. మూడో రోజుకల్లా అట్ట అవసరమే లేకుండా ఇల్లంతా తిరిగారు. బ్రెయిలీ ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదని నాకు అప్పుడు అర్థమైంది. బ్రెయిలీ, తేలిగ్గా పోల్చుకునే ఆకారాలు, చూపు కొద్దిగా మిగిలినవారి కోసం పెద్ద అక్షరాలు, కొట్టొచ్చినట్టు కనిపించే రంగులు.. ఇవన్నీ ఒకే మ్యాపులో ఉండాలి.

ఫోన్ ఉందిగా అంటారేమో

ఈ మాట నేనూ అన్నాను. కానీ భవనం లోపలికి వెళ్లాక జీపీఎస్ నమ్మదగ్గది కాదు. ఉపగ్రహాల సంకేతాలు పైకప్పు, గోడలు దాటి సరిగ్గా రావు. దీనికి పరిష్కారంగా కెమెరాతో పరిసరాలను గుర్తుపట్టి దారి చెప్పే యాప్‌లు వచ్చాయి. వీడియోలో మనకు కనిపించేది చూసి అవతలి మనిషి దారి చెప్పే సేవలూ ఉన్నాయి. అవి మంచివే, వాడుకోవాలి. కానీ ముందు ఆ భవనాన్ని ఎవరో స్కాన్ చేసి పెట్టాలి, లేదా అవతల మనిషి దొరకాలి. యాప్ చెప్పే ఇంగ్లిషు మన పెద్దవాళ్లకు అర్థం కావాలి. పైగా "పది అడుగులు నడవండి, ఎడమకు తిరగండి" అని చెప్పించుకుని వెళ్లడం వేరు, ఆ చోటు మొత్తం మనసులో ఉండటం వేరు. మొదటిది ఫోన్ ఆగిపోతే ఆగిపోతుంది. రెండోది మన సొంతం.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1837లోనే బోస్టన్‌లో శామ్యూల్ గ్రిడ్లీ హౌ చూపులేని విద్యార్థుల కోసం అమెరికా అట్లాస్‌ను ఉబ్బెత్తు గీతలతో అచ్చు వేయించారు. జపాన్‌లో సైచీ మియాకే 1965లో పసుపు రంగు ఉబ్బెత్తు టైల్స్ కనిపెట్టారు. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో మనం తొక్కుకుంటూ వెళ్లే టైల్స్ ఆ కుటుంబంలోవే. అదే జపాన్‌లో రైల్వే స్టేషన్లలో తాకి చదివే పటాలు మామూలు విషయం. వాటి తయారీకి 2016లో ఐఎస్ఓ 19028 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లైట్‌హౌస్ అనే సంస్థ బార్ట్ రైలు స్టేషన్లకు ఇలాంటి మ్యాపులు చేసింది. ప్రత్యేకమైన పెన్నుతో మ్యాపు మీద తాకితే అది ఏమిటో మాటల్లో చెబుతుంది. 2008లో చూపు కోల్పోయిన క్రిస్ డౌనీ అనే ఆర్కిటెక్ట్, ఉబ్బెత్తుగా అచ్చు వేసిన ప్లాన్లను వేళ్లతో చదువుతూ ఇప్పటికీ భవనాల డిజైన్‌లో పనిచేస్తున్నారు.

మరి ఎందుకు అంతటా రాలేదు? వీధులు ప్రజలవి. వాటి మ్యాపుల సమాచారం అందరికీ దొరుకుతుంది. అందుకే ఏ అడ్రసు చెప్పినా చుట్టుపక్కల వీధుల టాక్టైల్ మ్యాపు తయారుచేసే పద్ధతి అదే లైట్‌హౌస్ దగ్గర ఉంది. భవనం లోపలి సమాచారం మాత్రం యజమాని బీరువాలో ఉంటుంది. యజమాని పూనుకుంటే తప్ప బయటికి రాదు. మన గుడికి, మన కమ్యూనిటీ హాలుకి యజమానులం మనమే.

ఇండియాలో మాట మారింది

మన దేశంలో పరిస్థితి ఏమిటని అడిగేవారి కోసం ఒక ముఖ్యమైన తీర్పు గురించి చెప్పాలి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, నిబంధనలు వెలువడిన ఐదేళ్లలో ప్రజల భవనాలన్నీ అందరికీ అందుబాటులోకి రావాలని చెప్పింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే 2022 జూన్‌తో గడువు ముగిసింది. చూపులేని రాజీవ్ రాతూరి 2005లో వేసిన పిటిషన్‌పై 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కీలకమైన మాట చెప్పింది. చట్టం "తప్పనిసరి" అంటుంటే దాని కింద రాసిన 15వ నిబంధన "చేస్తే మంచిది" అన్నట్టు ఉండటం చెల్లదని తేల్చింది. తప్పకుండా పాటించాల్సిన నియమాలు మూడు నెలల్లో విడిగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో దేశవ్యాప్తంగా పరిస్థితిని పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

ఆ తీర్పులోని తేడాను మనం ఇక్కడ కూడా గుర్తుపెట్టుకోవాలి. "చేస్తే మంచిది" అన్నది ఎప్పుడూ జాబితాలో చివరికే వెళ్తుంది.

"ఎంతమంది వస్తారండీ?"

సెప్టెంబరులో మా గుడి కమిటీ మీటింగుకి ఆ అట్టముక్క పట్టుకెళ్లాను. రెండంతస్తుల కొత్త అన్నదానం హాలుకి డ్రాయింగులు సిద్ధమవుతున్నాయి. గోడలు లేవకముందే చెప్పాలని నా ఆత్రం. అందరూ శ్రద్ధగానే విన్నారు. చివరికి ఒక పెద్దాయన, "బాగానే ఉంది. కానీ ఇలాంటివాళ్లు మన గుడికి ఎంతమంది వస్తారండీ?" అని అడిగారు.

అది దురుద్దేశంతో అడిగిన ప్రశ్న కాదు. లెక్కలు చూసే మనిషి అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి జవాబు గుడిలో తలలు లెక్కపెడితే దొరకదు. తిరగలేనని తెలిసినవాళ్లు రావడం మానేస్తారు. ఆ గుడి సంఘటన తర్వాత మావయ్య రెండు వారాలు "మీరు వెళ్లి రండిరా, నేను ఇక్కడే దణ్ణం పెట్టుకుంటా" అన్నారు. ఆ రెండు వారాలు మా గుడి లెక్కలో చూపులేని భక్తులు సున్నా. పైగా మన ఇళ్లలో సుగర్ లేని ఇల్లు ఎన్ని? అమెరికాలో పనిచేసే వయసువారిలో చూపు పోవడానికి ప్రధాన కారణం సుగర్ వల్ల వచ్చే కంటి జబ్బే. ఇది ఇంకెవరి గురించో కాదు, పదేళ్ల తర్వాత ఆ కమిటీ గదిలో కూర్చునే మన గురించే.

ఖర్చు గురించి కూడా చెప్పాను. వేడి తగిలితే నల్లగీతలు ఉబ్బే ప్రత్యేకమైన కాగితం దొరుకుతుంది. మామూలు ప్రింటరుతో గీతలు అచ్చు వేసి, చిన్న యంత్రంలోంచి పంపితే చాలు. కాగితం చవకే. యంత్రం ఖరీదు వెయ్యి డాలర్లు దాటుతుంది గానీ, కొనక్కర్లేదు. చాలా యూనివర్సిటీల్లో వికలాంగ విద్యార్థుల విభాగాల దగ్గర ఉంటుంది. న్యూయార్కులోని ఆండ్రూ హైస్కెల్ లైబ్రరీలో అయితే ఎవరైనా వెళ్లి ఇలాంటివి తయారుచేసుకోవచ్చు. ముందు కాగితం మీద చేసి, చూపులేనివారి చేత చదివించి, తప్పులు దిద్దాక శాశ్వతమైన పలక చేయించాలి. గోడకు నిలువుగా బిగిస్తే మణికట్టు నొప్పి పుడుతుంది, నడుము ఎత్తులో కొంచెం వాలుగా ఉండాలి. మ్యాపు ఎక్కడుందో తెలియకపోతే దండగ కాబట్టి గుమ్మం నుంచి దాని దాకా నేల మీద గరుకు టైల్స్ ఉండాలి. ఇంకో నాలుగు కాపీలు వెబ్‌సైటులో పెట్టి, అడిగినవారికి ముందుగా ఇంటికే పంపొచ్చు.

నిజానికి మన గుడి మ్యాపు వెయ్యడం తేలిక. ధ్వజస్తంభం, దానికి ఎదురుగా గర్భగుడి, చుట్టూ ప్రదక్షిణ మార్గం. వెయ్యేళ్లుగా అదే వరస. మనసులో సగం ముందే ఉన్న మ్యాపు అది. దారి తప్పించేది మనం కొత్తగా కలిపిన కారిడార్లే.

కమిటీ కాదనలేదు. "తర్వాతి దశలో చూద్దాం" అన్నారు. మన కమిటీల్లో తర్వాతి దశ అంటే ఏమిటో అందరికీ తెలుసు. అందుకే వచ్చే నెల అజెండాలో మళ్లీ పెట్టించాను.

మీరు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నా మూడు పనులు వెంటనే చెయ్యొచ్చు. మీ గుడిలోనో, తెలుగు సంఘం హాలులోనో ఒకసారి కళ్లు మూసుకుని కాదు, చూపులేని ఒక మనిషిని పిలిచి వారి వెంట నడవండి. కొత్త కట్టడం ఉంటే డ్రాయింగు దశలోనే అడగండి. ఇక పెద్దవాళ్లకు టికెట్లు కొనేటప్పుడు అలవాటుగా వీల్‌చెయిర్ టిక్కు పెట్టకండి. నడవగలిగినవారికి చూపులేని ప్రయాణికుల సహాయం అని విడిగా ఉంటుంది, బీఎల్ఎన్‌డీ అనే కోడ్ అడగండి. కోరని సేవను బలవంతంగా ఇవ్వకూడదని అమెరికా విమానయాన నిబంధనల్లోనే ఉంది. వచ్చినవారు మన వాళ్లను తోసుకుపోకుండా, తమ మోచెయ్యి పట్టుకోనిస్తే చాలు.

మావయ్య అక్టోబరులో తిరిగి వెళ్లిపోయారు. ఈసారి వీల్‌చెయిర్ లేకుండా, ఎయిర్‌పోర్టు ఉద్యోగి మోచెయ్యి పట్టుకుని నడిచి వెళ్లారు. అట్టముక్క ఇక్కడే ఉంది, కందిపప్పు కొంత రాలిపోయింది. వచ్చే వేసవికి మళ్లీ వస్తానన్నారు. అప్పటికి కొత్త హాలు పూర్తి కాకపోవచ్చు. కానీ ఉన్న గుడికి కాగితం మ్యాపు ఒకటి తయారు చెయ్యడానికి ఏ దశా అక్కర్లేదు. అది ఈ చలికాలంలో నేనే చేస్తాను. తప్పులు దిద్దడానికి మాస్టారు ఉండనే ఉన్నారు.